కార్డు గీకేది కౌంటర్‌లో, జవాబు చెప్పేదెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే గొడవ. హనుమకొండ, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు యూనివర్సిటీ సెక్షన్ల నుంచి, కాలేజీల నుంచి వచ్చినవి. బ్యాంకు వాళ్లు కార్డు చెల్లింపుల భద్రత గురించి ‘పీసీఐ డీఎస్ఎస్’ అని ఒక ఫారం పంపారు, నింపి సంతకం పెట్టమన్నారు, ఎవరు నింపాలో ఎవరికీ తెలియదు, గడువు దగ్గర పడుతోంది, టెన్షన్. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు జరిపి వీటికే జవాబులు ఇస్తున్నాం. రాసినవాళ్లలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు కాబట్టి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నేను ఒక యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌ని. బ్యాంకు నుంచి వచ్చిన లెటర్‌ను మా ఆఫీసర్ గారు ‘కంప్యూటర్ సెంటర్‌కు పంపండి’ అని రాసి పంపారు. వాళ్లు ‘ఇది ఫీజుల విషయం, అకౌంట్స్‌కు సంబంధించినది’ అని తిప్పి పంపారు. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపించే గేట్‌వే కంపెనీకి ఫోన్ చేస్తే ‘మాకు సర్టిఫికెట్ ఉంది సార్, మీకేం అక్కర్లేదు’ అన్నారు. ఫైలు ఇప్పుడు మళ్లీ నా టేబుల్ మీదే ఉంది. అసలు ఇది ఎవరి బాధ్యత?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బాధ్యత యూనివర్సిటీది. యూనివర్సిటీలో ఎవరిది అని అడిగితే, పైసలు ఎవరి అజమాయిషీలో ఉన్న ఖాతాలో పడుతున్నాయో, కార్డులు తీసుకుంటామని బ్యాంకుతో చేసుకున్న ఒప్పందం మీద ఎవరు సంతకం పెట్టారో వాళ్లది. మామూలుగా అది రిజిస్ట్రార్ తరఫున ఫైనాన్స్ ఆఫీసర్ అవుతారు. కంప్యూటర్ సెంటర్ చేయాల్సిన పని బోలెడు ఉంటుంది, అందులో అనుమానం లేదు, కానీ పని చేసిపెట్టేవాళ్లు వేరు, రేపు ఏదైనా జరిగితే బ్యాంకు ముందు కూర్చుని జవాబు చెప్పేవాళ్లు వేరు. మీ ఫైలు చుట్టూ తిరుగుతున్నదంతా ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే.

ఈ ఫారం ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మొదట్లో వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి వాళ్లకు కార్డు వివరాల భద్రత మీద ఎవరి రూల్స్ వాళ్లకు ఉండేవి. 2004 డిసెంబరులో అన్నీ కలిపి ఒకే ప్రమాణం తెచ్చారు, అదే పీసీఐ డీఎస్ఎస్. దాన్ని చూసుకోవడానికి 2006లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్, జేసీబీ, మాస్టర్‌కార్డ్, వీసా కలిసి ఒక కౌన్సిల్ పెట్టుకున్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 4.0.1 వెర్షన్, 2024 జూన్‌లో వచ్చింది. లోపల 12 పెద్ద షరతులు, వాటి కింద వందల్లో చిన్నవి. అయితే కౌన్సిల్ రూల్స్ మాత్రమే రాస్తుంది, ఎవరికీ ఫైన్ వేయదు. ఫైన్ వేసేది కార్డు నెట్‌వర్కులు. అవి వేసేది మీకు మెషీన్ ఇచ్చిన బ్యాంకుకు. బ్యాంకు ఊరుకుంటుందా, ఒప్పందంలో ఉన్న క్లాజు తీసి మీ మీదికి తోస్తుంది. పార్లమెంటులో పాసైన చట్టం కాదిది, మీ యూనివర్సిటీ సంతకం పెట్టి ఒప్పుకున్న షరతు. అందుకే ‘మాకు ప్రభుత్వం నుంచి జీవో రాలేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇక గేట్‌వే వాళ్లు చెప్పిన ముచ్చట. వాళ్లకు సర్టిఫికెట్ ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ అది వాళ్ల సర్వర్లకు, వాళ్ల మనుషులకు, వాళ్ల పద్ధతులకు ఇచ్చినది. దాన్ని చూపించి మీకేం అక్కర్లేదనడం, పక్కింటాయన ఇంటి పన్ను రసీదు చూపించి మన ఇంటి పన్ను మాఫీ అడిగినట్టుంటుంది. పనిని బయటి కంపెనీకి అప్పగిస్తే మీరు చేయాల్సిన పని తగ్గుతుంది, మీ బాధ్యత మాత్రం పోదు. పైగా అలా అప్పగించినందుకే ఇంకో బాధ్యత కూడా మీద పడుతుంది. 12వ షరతు కింద మీకు సర్వీసు ఇస్తున్న ప్రతి కంపెనీ పేరూ లిస్టులో ఉండాలి, తమ చేతికి వచ్చే కార్డు డేటా భద్రత తమదేనని వాళ్లు రాసిచ్చిన కాగితం ఉండాలి, వాళ్ల సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో కనీసం 12 నెలలకొకసారి చూడాలి, ఏ పని వాళ్లది ఏ పని మీది అన్నది విడగొట్టి రాసి పెట్టుకోవాలి. ఈ చివరి కాగితం మీ ఆఫీసులో ఉందేమో ఒకసారి వెతకండి. చాలాచోట్ల ఉండదు. గేట్‌వే వాళ్లను ‘రెస్పాన్సిబిలిటీ మ్యాట్రిక్స్ పంపండి’ అని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. అడిగితే ఇవ్వాలని రూల్‌లోనే ఉంది.

ఇప్పుడు పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, మెషీన్ల దగ్గర కాదు, బ్యాంకు దగ్గర. యూనివర్సిటీ పేరున ఎన్ని మర్చంట్ ఐడీలు (కార్డు డబ్బు తీసుకోవడానికి బ్యాంకు ఇచ్చే నంబర్లు) ఉన్నాయో లిస్టు అడగండి. మెయిన్ ఆఫీసుకు ఒకటే ఉందని మీరు అనుకుంటుంటారు. ఎగ్జామినేషన్ బ్రాంచి వాళ్లు సర్టిఫికెట్ల ఫీజు కోసం ఒకటి తీసుకుని ఉంటారు, దూరవిద్య వాళ్లకు ఇంకోటి, హాస్టల్ మెస్‌కు, గెస్ట్ హౌస్‌కు చెరొకటి, ఏదో డిపార్ట్‌మెంట్ నేషనల్ సెమినార్ పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు కోసం తెరిచిన పేమెంట్ లింకు ఒకటి, సెమినార్ అయిపోయినా లింకు అలాగే బతికే ఉంటుంది. వేర్వేరు బ్యాంకులవైతే అన్ని బ్యాంకులనూ అడగాలి. ఈ లిస్టు చేతిలో లేకుండా ఫారం నింపితే ఏదో ఒకటి రాసి పంపినట్టే.

ఫారం కూడా ఒకటే రకం కాదు. మీ దగ్గర డబ్బు ఎలా వస్తుందన్న దాన్నిబట్టి రకాలున్నాయి. వెబ్‌సైట్‌లో పేమెంట్ మొత్తాన్ని గేట్‌వే పేజీకి పంపించేస్తే ‘ఎ’ రకం, చిన్నది. ఇంటర్నెట్‌కు కలిపిన విడి స్వైపింగ్ మెషీన్లకు ‘బి-ఐపీ’. కార్డు నంబర్లు మీ సొంత కంప్యూటర్లలో దాచుకుంటుంటే ‘డి’, రెండు వందలకు పైగా ప్రశ్నలు, దాని జోలికి పోయే పరిస్థితి తెచ్చుకోకండి. మీకు ఏది వర్తిస్తుందో బ్యాంకునే రాతపూర్వకంగా అడగండి, చివరికి ఒప్పుకోవాల్సింది వాళ్లే. వీసా లెక్కలో ఏడాదికి 60 లక్షల కార్డు లావాదేవీలు దాటితేనే బయటి అసెసర్ వచ్చి కూర్చుని చూసే మొదటి లెవెల్. మన వైపు యూనివర్సిటీలు మామూలుగా స్వయంగా నింపే ఫారాలతో సరిపెట్టుకునే లెవెల్లోనే ఉంటాయి.

స్వయంగా నింపేదే కదా అని అన్నింటికీ ‘ఎస్’ కొట్టి పంపే అలవాటు ఒకటుంది, అది మాత్రం చేయొద్దు. ఆ ఫారం చివర్లో సంస్థ తరఫున బాధ్యత గల అధికారి సంతకం పెట్టే చోటు ఉంటుంది, ఆ కాగితం ఒక ధ్రువీకరణ. రేపు కార్డు వివరాలు బయటికి పోయాయని అనుమానం వస్తే కార్డు నెట్‌వర్కులు ఫోరెన్సిక్ వాళ్లతో దర్యాప్తు చేయించమంటాయి, దాని ఖర్చు సాధారణంగా మర్చంట్ (కార్డు డబ్బు తీసుకునే సంస్థ, అంటే మీరు) నెత్తినే పడుతుంది, వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగేది మీరు ‘ఎస్’ అన్నవాటికి రుజువులు. లేనివి లేవని రాసి, ఫలానా తేదీలోగా చేస్తామని రాయడానికి ఫారంలోనే చోటుంది. బ్యాంకుకు కూడా అబద్ధం ‘ఎస్’ కంటే తేదీ వేసిన ‘నో’యే నయం.

మీ నోట్ ఫైల్‌లో రాయడానికి పనికొచ్చే మాట ఇది: కార్డు చెల్లింపుల భద్రతకు ఫైనాన్స్ ఆఫీసర్ బాధ్యులు, సాంకేతిక భాగానికి కంప్యూటర్ సెంటర్ డైరెక్టర్, ప్రతి కౌంటర్‌కు ఆ సెక్షన్ సూపరింటెండెంట్, ఫైనాన్స్ ఆఫీసర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ డిపార్ట్‌మెంటూ కొత్త మెషీన్ గానీ పేమెంట్ లింకు గానీ తీసుకోకూడదు. ఇంత చాలు. రిజిస్ట్రార్ గారి సంతకంతో ఆఫీస్ ఆర్డర్‌గా రావాలి, మీ సంతకంతో సర్క్యులర్ ఇస్తే ఎగ్జామినేషన్ బ్రాంచి వాళ్లు చదవను కూడా చదవరు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

ప్రశ్న: మాది ప్రైవేట్ డిగ్రీ కాలేజీ. పరీక్ష ఫీజులన్నీ పిల్లలు యూనివర్సిటీ పోర్టల్‌లోనే కడతారు. మా దగ్గర ట్యూషన్ ఫీజు కోసం ఒకటే స్వైపింగ్ మెషీన్ ఉంది. అయినా మాకు ఇవన్నీ అవసరమా? యూనివర్సిటీకి అఫిలియేట్ అయి ఉన్నాం కాబట్టి వాళ్లు చేసుకుంటే మాకు సరిపోదా?
– ప్రిన్సిపాల్, కరీంనగర్

జవాబు: సరిపోదు. అఫిలియేషన్ సిలబస్‌కు, పరీక్షలకు. మెషీన్ మీ సొసైటీ ఖాతాకు కలిపి ఉంది, కాబట్టి అది మీదే. యూనివర్సిటీ పోర్టల్ మీది కాదు, దానికి మీరు జవాబు చెప్పక్కర్లేదు, కాకపోతే మీ ఆఫీసు కంప్యూటర్‌లో కూర్చుని క్లర్కు పిల్లల కార్డులతో ఫీజు కట్టిపెడుతుంటే కథ వేరు, దాని గురించి కింది ఉత్తరంలో చూడండి.

ఒకటే మెషీన్ అంటే మీ పని తేలిక. ఇప్పుడే దాన్ని తిరగేసి చూడండి. వెనకాల స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబర్ ఉంటాయి, అవి ఒక రిజిస్టర్‌లో రాయండి, మెషీన్‌ను నాలుగు వైపులా ఫోన్‌తో ఫొటో తీసి ప్రింటు అందులోనే అంటించండి. ఆ తర్వాత వారానికొకసారి క్లర్కు ఫొటో పక్కన పెట్టి మెషీన్ చూడాలి: సీరియల్ నంబర్ అదేనా, కార్డు దూర్చే చోట అదనంగా ఏదైనా ప్లాస్టిక్ ముక్క వచ్చిందా, కీప్యాడ్ మందంగా అనిపిస్తోందా, స్క్రూల దగ్గర గీతలున్నాయా, సీలు చినిగిందా, కొత్త వైరు ఏదైనా వేలాడుతోందా. చూసి తేదీ వేసి సంతకం పెట్టాలి. 9వ షరతులో అడిగేది దాదాపు ఇదే, దీనికి కంప్యూటర్ ఇంజినీర్ అక్కర్లేదు. మన దగ్గర చాలా కౌంటర్లలో మెషీన్ మూత ఊడిపోయి సెల్లోటేపుతో నిలబడి ఉంటుంది, టేపు కింద ఏముందో ఎవరు చూస్తారు? అలాంటిదుంటే బ్యాంకుకు ఇచ్చి మార్పించుకోండి.

ఇంకొకటి. ‘బ్యాంకు నుంచి వచ్చాం, మెషీన్ అప్‌డేట్ చేయాలి’ అని ఒక అబ్బాయి మెడలో కార్డు వేసుకుని వస్తాడు. బ్యాంకుకు మీరే ఫోన్ చేసి కనుక్కున్నాకే మెషీన్ ముట్టనివ్వాలి, అతను ఇచ్చిన నంబరుకు కాదు, ఒప్పందం కాగితం మీదున్న నంబరుకు. అతని మెషీన్ ఇక్కడ పెట్టి మీది పట్టుకుపోతానంటే సీరియల్ నంబర్లు రెండూ రిజిస్టర్‌లో ఎక్కాలి.

ప్రశ్న: నేను అడ్మిషన్స్ సెక్షన్‌లో ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్‌ని. దూరం నుంచి తల్లిదండ్రులు ఫోన్ చేసి కార్డు నంబర్ చెబితే నేనే ఆన్‌లైన్‌లో ఫీజు కడతాను. కొందరు కార్డుకు రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. లింకు ఫెయిలైతే మళ్లీ అడగాల్సిన పని లేకుండా నంబర్, తేదీ, వెనకాల మూడంకెలు రిజిస్టర్‌లో రాసుకోమని మా సార్ చెప్పారు. రెండేళ్ల నుంచి రాస్తున్నాను. ఇది తప్పా? ఏదైనా జరిగితే నా మీదికి వస్తుందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, తప్పే. మీరు కావాలని చేసిన తప్పు కాదు, కానీ ఇవాళ్టి నుంచే ఆపాలి.

వెనకాల మూడంకెల సీవీవీ ఉందే, లావాదేవీ అయిపోయాక దాన్ని ఎవరూ, ఏ రూపంలోనూ దాచకూడదు. రిజిస్టర్‌లోనా, ఎక్సెల్‌లోనా, తాళం వేసిన బీరువాలోనా, కోడ్ భాషలో మార్చి పెట్టుకున్నామా అన్న చర్చే లేదు, మర్చంట్‌కు ఇందులో మినహాయింపు లేదు. కార్డు నంబర్ సంగతికొస్తే పీసీఐతోపాటు మన రిజర్వ్ బ్యాంకు నిబంధన కూడా ఉంది: 2022 అక్టోబరు 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు తప్ప ఆ చెల్లింపుల గొలుసులో ఇంకెవరూ కార్డు వివరాలు దాచిపెట్టకూడదు. లెక్కలు సరిచూసుకోవడానికి చివరి నాలుగంకెలు, బ్యాంకు పేరు ఉంచుకోవచ్చు, అంతే. షాపింగ్ యాప్‌లు కూడా అప్పటి నుంచి మన కార్డు నంబర్ బదులు టోకెన్ అనే మారు నంబర్ పెట్టుకుంటున్నాయి. అలాంటిది ఒక సెక్షన్ టేబుల్ సొరుగులో రెండేళ్ల కార్డు నంబర్లు సీవీవీలతో సహా ఉన్నాయంటే ఆ రిజిస్టర్ విలువ ఎంతో ఊహించుకోండి. ఇక్కడ ఓటీపీ ఉంది కదా, నంబర్ తెలిస్తే ఏమవుతుంది అంటారు కొందరు. విదేశీ సైట్లలో ఓటీపీ అడగకుండానే పైసలు పోయేవి ఉన్నాయి. అదీగాక నంబర్ ముందే చేతిలో ఉన్నవాడు ఫోన్ చేసి ‘మీ కార్డు ఫలానా కదా, కాలేజీ నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి’ అంటే ఏ తండ్రికి అనుమానం వస్తుంది?

మీ మీదికి వస్తుందా అంటే, బ్యాంకుకు జవాబుదారీ మీ సంస్థే, మీరు కాదు. కానీ డబ్బు పోయి పోలీసు కేసు అయితే రాత ఎవరిదని చూస్తారు. అందుకని సార్‌కు ఒక కాగితం రాసివ్వండి, లేదా మెయిల్ పెట్టండి: ‘కార్డు వివరాలు రిజిస్టర్‌లో రాసే పద్ధతిని ఆపుతున్నాను, పాత రిజిస్టర్లు మీకు అప్పగిస్తున్నాను, వాటిని నాశనం చేయడానికి ఉత్తర్వు ఇవ్వగలరు’ అని. గొడవ పడక్కర్లేదు, మర్యాదగా రాస్తే చాలు. రిజిస్టర్లను మీరే చింపి పారేయొద్దు, రికార్డు మాయం చేశారని అదొక తలనొప్పి. ఇద్దరు ముగ్గురి సమక్షంలో మెషీన్‌లో ముక్కలు చేయించి, చేసినట్టు మినిట్స్ రాసుకోవాలి. ఏడాది చివర పాత కాగితాలు కాటా మీద తూచి అమ్ముతారు కదా, వాటిలోకి మాత్రం పోకూడదు. వాట్సాప్ ఫొటోలు మీ ఫోన్‌లో గ్యాలరీలో, బ్యాకప్‌లో కూడా ఉంటాయి, అన్నిచోట్లా తీసేయండి. సొంత ఫోన్‌కు ఇలాంటివి రప్పించుకోవడం మీకే ప్రమాదం.

మరి ఫోన్ చేసే తల్లిదండ్రుల మాటేమిటి? గేట్‌వే కంపెనీలు పేమెంట్ లింకు ఇస్తాయి, విద్యార్థి పేరు, మొత్తం నింపి వాళ్ల ఫోన్‌కు ఎస్ఎంఎస్ పంపితే వాళ్లే కట్టుకుంటారు. వాళ్ల చేత కాకపోతే ఊళ్లో మీసేవలోనో, యూపీఐలోనో. మీరు మీ కంప్యూటర్‌లో ఇంకొకరి కార్డు నంబర్ కొట్టారంటే ఆ కంప్యూటర్, అది ఉన్న నెట్‌వర్కు అన్నీ పీసీఐ లెక్కలోకి వచ్చేస్తాయి. పై ఉత్తరంలో ప్రిన్సిపాల్ గారికి కథ వేరన్నది ఇందుకే. ఆ కంప్యూటర్‌లోనే మధ్యాహ్నం ఎవరో వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి హాల్‌టికెట్లు ప్రింటు తీసుకుంటారు కదా.

ప్రశ్న: యూపీఐ క్యూఆర్ మాత్రమే పెట్టుకున్నాం, కార్డులు తీసుకోం. మాకూ ఈ ఫారం ఉందా?
– కాలేజీ కరస్పాండెంట్, జగిత్యాల

జవాబు: లేదు. యూపీఐలో కార్డు నంబర్ మీ చేతికి రాదు, రూపే క్రెడిట్ కార్డును యాప్‌కు కలుపుకుని కట్టినా సరే. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది: గోడ మీద మీ క్యూఆర్ స్టిక్కర్ మీద ఇంకెవరైనా తమది అతికించారా అని రోజూ ఉదయం ఒక రూపాయి కొట్టి పేరు చూడండి.

ప్రశ్న: కూతురి పీజీ పరీక్ష ఫీజు నెట్ సెంటర్‌లో డెబిట్ కార్డుతో కట్టించాను. పైసలు కట్ అయ్యాయి, యూనివర్సిటీ సైట్‌లో పడలేదు. గడువు అయిపోతుందని మళ్లీ కట్టించాను. యూనివర్సిటీకి పోతే బ్యాంకును అడగమన్నారు, బ్యాంకు వాళ్లు యూనివర్సిటీని అడగమన్నారు. నెట్ సెంటర్ అబ్బాయి దగ్గర నా కార్డు నంబర్ ఉండిపోయిందేమోనని ఇంకో భయం.
– ఒక తండ్రి, మహబూబాబాద్

జవాబు: అన్నా, ముందు మొదటి కట్టుడు సంగతి. ఖాతాలో కట్ అయి, అటువైపు కన్ఫర్మేషన్ చేరకపోతే, రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. దీన్ని అడగాల్సింది మీ కార్డు ఇచ్చిన బ్యాంకును. కౌంటర్‌లో నోటితో అడగొద్దు, తేదీ, మొత్తం, లావాదేవీ నంబర్ రాసి ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. అలా కాకుండా రెండు సార్లు కట్టినవీ యూనివర్సిటీకి చేరి ఉంటే అది వాళ్లు రీఫండ్ చేయాల్సిన డబ్బు, అప్పుడు దరఖాస్తు ఫైనాన్స్ ఆఫీసర్ పేరున పెట్టాలి, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేసి. రెండింటిలో ఏదో తేల్చేది స్టేట్‌మెంటే, అది పట్టుకోకుండా ఎక్కడికి పోయినా ఇంకో టేబుల్ చూపిస్తారు.

కార్డు గురించి భయముంటే బ్యాంకు యాప్‌లోనో, ఫోన్‌లోనో బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. అప్పటిదాకా కనీసం విదేశీ లావాదేవీలు ఆఫ్ చేసి, ఆన్‌లైన్ పరిమితి తగ్గించండి, ఆ సదుపాయం అన్ని బ్యాంకులూ ఇవ్వాలి. తెలియని కట్టింపు ఏదైనా కనబడితే ఆ పూటే బ్యాంకుకు చెప్పండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మధ్యలో ఎక్కడో లీకై పోయిన డబ్బయితే, బ్యాంకు నుంచి మెసేజ్ అందాక 3 పనిదినాల్లో చెబితే మీ మీద నష్టం పడకూడదని 2017 నుంచి రూల్ ఉంది. ఆలస్యం చేసేకొద్దీ మీ వాటా పెరుగుతుంది.

ప్రశ్న: మా వెబ్‌సైట్‌ను టెండర్‌లో ఒక కంపెనీకి ఇచ్చాం. ‘పే ఫీజు’ నొక్కితే గేట్‌వే పేజీకి వెళ్తుంది, మా సర్వర్‌లో కార్డు నంబర్ ఏదీ ఉండదు. అయినా బ్యాంకు వాళ్లు సైట్‌లో లోపాలు వెతికే స్కాన్ రిపోర్టు అడుగుతున్నారు. మా దగ్గర లేనిదానికి స్కాన్ ఎందుకు?
– ప్రోగ్రామర్, ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్, వరంగల్

జవాబు: మీ దగ్గర కార్డు నంబర్ లేదు, నిజమే. కానీ విద్యార్థిని ఆ గేట్‌వే పేజీకి పంపే బటన్ మీ దగ్గరుంది. మీ సైట్‌లోకి దూరినవాడు ఆ బటన్ వెనకున్న చిరునామా మారిస్తే చాలు, అచ్చం గేట్‌వేలాగే ఉండే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. పైన మీ లోగోనే, ‘పే’ బటన్ అదే రంగు, పిల్లవాడు నంబర్, సీవీవీ అన్నీ కొడతాడు, ‘ఫెయిల్డ్, ట్రై అగైన్’ అని వస్తుంది, ఆ తర్వాత అసలు పేజీకే వెళ్తుంది, ఫీజు కట్టేస్తాడు, ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే ‘ఎ’ రకం ఫారంలో కూడా, కౌన్సిల్ ఆమోదించిన స్కానింగ్ కంపెనీతో మూడు నెలలకొకసారి బయటి నుంచి స్కాన్ చేయించాలని పెట్టారు.

2019 ఏప్రిల్‌లో అమెరికా, కెనడాల్లో 200 దాకా క్యాంపస్ ఆన్‌లైన్ స్టోర్లలో ఇలాంటిదే జరిగింది. ఆ యూనివర్సిటీలు ఒక్కొక్కటీ విడిగా హ్యాక్ కాలేదు. వాటన్నింటికీ స్టోర్ నడిపే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ ఒకటే, దాని దగ్గర వాళ్లంతా వాడుకునే జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు అనేది దీన్నే) ఫైల్‌లో దొంగ కోడ్ చేరింది, చెక్‌అవుట్ పేజీలో పిల్లలు కొట్టిన కార్డు వివరాలు అటు పోయాయి. మీ టెండర్ కంపెనీ ఇంకెన్ని కాలేజీలకు ఇదే సైట్ కట్టిచ్చిందో కనుక్కోండి, నవ్వులాటకు అనడం లేదు.

ఈ స్క్రిప్టుల కోసమే 4వ వెర్షన్‌లో రెండు కొత్త షరతులు వచ్చాయి, పేమెంట్ పేజీలో ఏ స్క్రిప్టు ఎందుకుందో లెక్క రాయడం, పేజీ మారితే పసిగట్టే ఏర్పాటు పెట్టడం. 2025 మార్చి 31 నుంచి అమల్లో ఉన్నాయి. ‘ఎ’ రకం వాళ్లకు మాత్రం 2025 జనవరిలో ఆ రెండింటినీ ఫారంలోంచి తీసేసి, మీ సైట్ స్క్రిప్టు దాడులకు గురయ్యేలా లేదని నిర్ధారించుకోండి అన్న షరతు పెట్టారు. ఆ షరతు కూడా గేట్‌వే ఫారాన్ని తమ పేజీలోనే పెట్టెలా చూపించేవాళ్లకు, మీలాగా పూర్తిగా గేట్‌వేకు పంపించేసేవాళ్లకు కాదని తర్వాత వివరణ ఇచ్చారు. కాబట్టి పేజీని అందంగా ఉంచాలని ఎవరైనా ‘ఫారం మన సైట్‌లోనే కనబడాలి’ అంటే, దాంతో వచ్చే పని ఎవరు చేస్తారో ముందే అడగండి. స్కాన్ ఖర్చు, లోపాలు దిద్దే గడువు, సర్వర్ పాస్‌వర్డులు ఎవరి దగ్గరుంటాయన్నది టెండర్ ఒప్పందంలో లేకపోతే ఈసారి రెన్యువల్‌లో పెట్టించండి. పాస్‌వర్డు ఒక్కటే ఉండి కంపెనీ కుర్రాళ్లంతా దాన్నే వాడుతుంటే అది వెంటనే మార్చాల్సింది, ఎవరి లాగిన్ వాళ్లకే ఉండాలి.

దాడి జరిగిందని తెలిస్తే బ్యాంకుకు చెప్పడంతో అయిపోదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. ఆదివారం రాత్రి జరిగితే ఆ మెయిల్ పెట్టే మనిషి ఎవరో, రిజిస్ట్రార్ గారి అనుమతి కోసం సోమవారం పదిన్నర దాకా ఆగాలా వద్దా అన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి.

ప్రశ్న: మా కాలేజీ ఫెస్ట్‌లో స్టాళ్ల కోసం అకౌంట్స్ వాళ్ల స్వైపింగ్ మెషీన్ మూడు రోజులు అడిగితే ఇవ్వనంటున్నారు. పిల్లల మీద నమ్మకం లేదా?
– స్టూడెంట్ కోఆర్డినేటర్, కాజీపేట

జవాబు: నమ్మకం సంగతి కాదు తమ్ముడూ, ఆ మెషీన్‌కు సంతకం పెట్టినవాళ్లు వాళ్లు. వారం ముందే దరఖాస్తు పెట్టు, సీరియల్ నంబర్ రాసుకుని సంతకం చేసి తీసుకో, స్టాల్ దగ్గర ఎప్పుడూ ఒకరు కూర్చోండి, రాత్రికి తిరిగి లాకర్‌లో పెట్టండి, కస్టమర్ కార్డు మీ చేతిలోకి తీసుకోకుండా వాళ్లచేతే పెట్టించండి. అయినా ఇవ్వకపోతే క్యూఆర్‌తో కానిచ్చేయండి, ఇరవై రూపాయల మిర్చి బజ్జీకి కార్డు గీకేవాళ్లు ఎంతమంది వస్తారు?